ఊరి గ్రంథాలయానికి వెబ్‌సైట్: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది తెనాలి వైపు కాలువ పక్క ఊరు. 1930ల్లో మా తాతల కాలంలో మొదలైన గ్రంథాలయం ఇప్పటికీ నడుస్తోంది. నాలుగు వేల దాకా పుస్తకాలు, పాత పత్రికల బైండ్లు ఉన్నాయి. ఉగాదికి కవి సమ్మేళనం, వేసవిలో పిల్లలకు తరగతులు పెడతాం. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళకు కూడా ఇదంతా కనబడాలని వెబ్‌సైట్ పెట్టడానికి తీర్మానం చేశాం. చందాలు వేసుకుంటే 12,000 రూపాయలు పోగయ్యాయి. టౌన్లో ఒక కంపెనీ 45,000 చెప్పింది, ఏటా 15,000 నిర్వహణకు అదనం. ఊళ్ళో ఒక కుర్రాడు వర్డ్‌ప్రెస్ అంటున్నాడు. మా అధ్యక్షుల వారి మేనల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తనే కోడ్ రాసి ఉచితంగా చేసిస్తానంటున్నాడు. ఫేస్‌బుక్ పేజీ చాలదా అని కోశాధికారి గారి మాట. ఏం చెయ్యమంటారు? - గ్రంథాలయ సంఘం కార్యదర్శి

జవాబు: కార్యదర్శి గారూ, మీ ఉత్తరంలో నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. వచ్చే ఉగాది ఫోటోలు సైట్‌లో ఎవరు పెడతారో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి ఎవరో తేలితే ఏ సాధనమో దానంతట అదే తేలుతుంది. సంఘాల వాళ్ళు సలహా కోసం వస్తే నేను మొదట అడిగేది ఇదే. 'మా కుర్రాడు చూసుకుంటాడండీ' అంటారు. ఆ కుర్రాడికి ఉద్యోగం వచ్చి ఊరు దాటుతాడు. ఎప్పటి ఉగాది ఆహ్వానమో ఏళ్ళ తరబడి సైట్ మీద అలాగే ఉండిపోతుంది. ఇందులో కుర్రాణ్ణి అనడానికి ఏమీ లేదు. అతనొక్కడికే తెలిసిన పద్ధతిలో సైట్ కట్టించుకుంటే ఎవరి సంగతైనా అంతే.

మీ గ్రంథాలయానికి రోజూ తలుపు తీసే లైబ్రేరియన్ గారు ఉన్నారు. వేసవి తరగతులు చెప్పే టీచరమ్మ ఉన్నారు. కంప్యూటర్లో ఒక ఉత్తరం టైపు చెయ్యగలిగితే చాలు, వాళ్ళిద్దరే మీ సైట్‌కి అసలు మనుషులు. వాళ్ళకు చేతనయ్యేదే తీసుకోండి. నా సలహా గూగుల్ సైట్స్, కోడ్ రాయకుండా పేజీలు కట్టుకునే గూగుల్ సాధనం. జీమెయిల్ ఖాతా ఉంటే ఉచితం. హోస్టింగ్ అద్దె, అంటే సైట్‌ని ఉంచే చోటికి కట్టేది లేదు, ప్రకటనలు రావు, అప్‌డేట్లు చేసుకోవలసిన పని లేదు, ఎవరో హ్యాక్ చేస్తారన్న టెన్షన్ చాలా తక్కువ. మీరు కొనుక్కున్న పేరును దానికి తగిలించుకోవచ్చు.

దానికి రెండు లోపాలున్నాయి. రేపు ఇంకో చోటికి మారదామంటే పేజీలు మళ్ళీ కట్టుకోవాలి. మీ సైట్ పది పదిహేను పేజీలు దాటదు కాబట్టి దీని గురించి బెంగ అక్కర్లేదు. రెండోది, ఫోన్‌లో పేజీ దిద్దడం కష్టం, కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. దీనికి మంచి ఉపాయం ఉంది. తరచూ మారే సంగతులేవీ నేరుగా పేజీలో రాయకండి. పుస్తకాల జాబితా ఒక గూగుల్ షీట్‌లో, కార్యక్రమాల తేదీలు గూగుల్ క్యాలెండర్‌లో పెట్టి, వాటిని పేజీలో అతికించండి. అందరూ చూడవచ్చు, మార్చేది మాత్రం మేమే అన్నట్టు అనుమతులు సరిచెయ్యండి. ఇక లైబ్రేరియన్ గారు బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో షీట్‌కి ఒక వరస చేర్చారంటే, సైట్‌లో జాబితా కూడా మారిపోతుంది. సైట్‌ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

వర్డ్‌ప్రెస్ చెడ్డదని చెప్పను. సైట్లు కట్టడానికి 2003 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం, ప్రపంచంలో ఎన్నో పెద్ద సైట్లు దాని మీదే నడుస్తున్నాయి. కానీ ఉచితం అన్నది సాఫ్ట్‌వేర్ వరకే. దాన్ని నిలబెట్టే హోస్టింగ్‌కి ఏటా రెండు నుంచి ఐదు వేల వరకు కట్టాలి. వర్డ్‌ప్రెస్‌నీ, దానికి తగిలించిన అదనపు పనిముట్లను, అంటే ప్లగిన్లనీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉండాలి. కొన్ని నెలలు పట్టించుకోకపోతే పాత ప్లగిన్ సందులోంచి ఎవరో దూరి మీ సైట్ నిండా జూదం ప్రకటనలు నింపుతారు. ఒక పూర్వ విద్యార్థుల సంఘం సైట్‌కి అచ్చంగా ఇలాగే జరిగింది. పేజీలో వాళ్ళ హెడ్మాస్టారి ఫోటో, కిందనే క్రికెట్ బెట్టింగ్ లింకులు. చూసినప్పుడు నాకు చాలా బాధేసింది. నెలకోసారి లోపలికి వెళ్ళి చూసుకునే మనిషి ఖాయంగా ఉంటేనే వర్డ్‌ప్రెస్ పెట్టుకోండి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వాళ్ళ దగ్గర ఉచిత పథకం కూడా ఉంది. అందులో అప్‌డేట్ల బాధ ఉండదు గానీ వాళ్ళ ప్రకటనలు కనిపిస్తాయి, మీ సొంత పేరు పెట్టుకోవాలంటే డబ్బు కట్టాలి.

మేనల్లుడి మాటకొస్తే, అతను బహుశా హ్యూగో, జెకిల్ లాంటి పేజీలు తయారుచేసే సాధనంతో చేసి, సైట్లను ఉచితంగా ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెడతాడు. సాంకేతికంగా అది చక్కని పని. పైసా ఖర్చు ఉండదు, పేజీలు చటుక్కున తెరుచుకుంటాయి, హ్యాక్ చెయ్యడానికి లోపల డేటాబేస్ అంటూ ఉండదు. గ్రంథాలయం వేళలు మారాయని ఒక్క ముక్క దిద్దాలన్నా అతనికి ఫోన్ చెయ్యాలి, అదొక్కటే నాకు నచ్చనిది. ఆ అబ్బాయి ఉత్సాహాన్ని మాత్రం వదులుకోకండి. అతను చెయ్యాల్సిన పని వేరే ఉంది. కొన్న పేరును గూగుల్ సైట్స్‌కి కలపాలంటే ఆ పేరు మీదేనని రుజువు చూపించాలి, డీఎన్‌ఎస్‌లో, అంటే ఆ పేరు ఏ సైట్‌కి వెళ్ళాలో చెప్పే పట్టికలో, ఒక వరస చేర్చాలి. మనకు అది తలనొప్పి, అతనికి అరగంట పని. పుస్తకాల జాబితాలో ఒకే రచయిత పేరు నాలుగు రకాలుగా పడి ఉంటుంది, దాన్ని ఒక తీరుకి తేవడానికి కూడా అతని చెయ్యి కావాలి.

కోశాధికారి గారు చెప్పిన ఫేస్‌బుక్ పేజీ ఉండనివ్వండి. కబురు ఊరంతా పాకడానికి అది మంచిదే. కానీ లోపలికి లాగిన్ అవ్వనివాళ్ళకు సగం సగమే కనబడుతుంది. పోయినేడాది పెట్టిన పోస్టు వెతుక్కోవాలంటే తాతలు దిగివస్తారు. పుస్తకాల జాబితాకి అది చోటు కాదు.

ఇప్పుడు డబ్బు పెట్టాల్సిన దాని గురించి. అది పేరు, అంటే డొమైన్. డాట్ ఇన్ అయితే ఏడాదికి మామూలుగా వెయ్యి లోపు, డాట్ ఆర్గ్ అయితే ఇంకాస్త ఎక్కువ. మొదటి ఏడాది 99 రూపాయలే అని ప్రకటనలు వస్తుంటాయి. అక్కడ చూడాల్సింది రెండో ఏడాది ధర. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా వేసి చూసుకోండి. ఒకేసారి పదేళ్ళ దాకా కట్టుకోవచ్చు. మీరు ఐదేళ్ళకు కట్టెయ్యండి. ఏటా గుర్తు పెట్టుకుని కట్టే సంఘాన్ని నేను అరుదుగా చూశాను. గడువు దాటిన పేరును మధ్యలో ఎవరైనా కొనేస్తే మీ గ్రంథాలయం పేరు మీద వాళ్ళు ఏం నడిపినా మీరు చేసేదేమీ ఉండదు.

పేరు ఎవరి పేరున కొంటున్నారన్నది ధర కంటే ముఖ్యం. కుర్రాడి పేరునో, కంపెనీ పేరునో వద్దు. యజమాని అన్న చోట రిజిస్టర్ అయిన సంఘం పేరు ఉండాలి. ఈమెయిల్ సంఘం కోసం కొత్తగా తెరిచినది అయ్యుండాలి. దానికి ఇచ్చే ఫోన్ నంబర్లు ఇద్దరివి ఉండాలి. పాస్‌వర్డ్లు కాగితం మీద రాసి, కవర్లో అంటించి, మినిట్స్ పుస్తకంతో పాటు బీరువాలో పెట్టండి. కార్యవర్గం మారిన సమావేశంలోనే పాస్‌వర్డ్, ఫోన్ నంబరు మార్చి, మార్చినట్టు మినిట్స్‌లో రాయండి. బ్యాంకు ఖాతాకి సంతకాలు మార్పించడం ఎవరూ మర్చిపోరు కదా, దీనికి కూడా అంత పట్టింపు ఉండాలి. ఇంకొక సంగతి. రెండేళ్ళ పాటు ఎవరూ తెరవని సొంత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు, 2023 నుంచి వాళ్ళ విధానం అది. సైట్‌ని జనం చూస్తూనే ఉన్నారు కదా అని ధీమాగా ఉండొద్దు. ఖాతాలోకి మీలో ఒకరు వెళ్తూ ఉండాలి.

తాళంకప్ప గుర్తు కోసం, అంటే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ కోసం ఏటా రెండు మూడు వేలు అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని దాదాపు పదేళ్ళుగా అందరికీ ఉచితంగా ఇస్తోంది. గూగుల్ సైట్స్‌లోనూ, గిట్‌హబ్ పేజెస్‌లోనూ అది దానంతటదే వస్తుంది. దానికి ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఆ లెక్కన డొమైన్ పేరుకు నాలుగైదు వేలు పోతుంది, మిగిలిన డబ్బుతో ఏం చెయ్యాలో చెబుతాను. ఊళ్ళో డిగ్రీ చదివే అమ్మాయి ఎవరైనా ఉంటే, ఆ నాలుగు వేల పుస్తకాల జాబితా టైపు చెయ్యడానికి ఇవ్వండి. స్వచ్ఛందంగా చెయ్యమని అడగొద్దు. అది కళ్ళు లాగే పని, దానికి కూలి ఉండాలి. మిగతా సైట్ అంతా ఒక ఎత్తు, ఆ జాబితా ఒక ఎత్తు. ఏలూరులోనో నల్గొండలోనో పరిశోధన చేసే విద్యార్థి ఒక పాత పుస్తకం పేరు గూగుల్‌లో కొట్టినప్పుడు మీ ఊరి పేరు పైకి రావాలి. అతికించిన షీట్‌లోని పేర్లు వెతుకులాటలో అంత బాగా దొరకవు. అందుకే అరుదైన వాటిని, ఒక వందో రెండొందలో, మామూలు అక్షరాలుగా ఒక పేజీలో కూడా రాయండి.

పాత పత్రికల బైండ్లను ఫోన్‌తోనే ఫోటో తియ్యవచ్చు, ఒక స్టాండు, మంచి వెలుతురు ఉంటే చాలు. వాటిని గూగుల్ డ్రైవ్‌లో కుక్కితే 15 జీబీ ఉచిత జాగా ఇట్టే నిండిపోతుంది, జీమెయిల్ కూడా ఆ జాగాలోదే. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఎక్కించండి, అక్కడ ఉచితం, లింకు మీ సైట్‌లో ఇవ్వండి. హక్కుల సంగతి చూసుకోవాలి. మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది దాటాక మరో 60 ఏళ్ళ వరకు హక్కు వారసులది. రచయిత పేరు లేని రచనలకు, ఫోటోలకు అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళు. ఆ గడువు దాటినవే పెట్టండి. మిగతావి ఫోటో తీసి హార్డ్ డిస్కులో దాచండి, కాగితం పొడి అవ్వకముందే.

మీ ప్రాంతం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే అతని దగ్గరికి వెళ్ళింది. ఆ పడవ గురించి విన్నవాళ్ళు, ఆ పుస్తకాలు చదివినవాళ్ళ పిల్లలు మీ చుట్టుపక్కల ఇంకా ఉండి ఉంటారు. వాళ్ళ మాటలు ఫోన్‌లో రికార్డు చేసి సైట్‌లో పెట్టండి. కంపెనీ వాడు 45,000 తీసుకుని చేసే సైట్‌లో పక్కకి జరిగే బొమ్మలు ఉంటాయి గానీ ఇది ఉండదు.

చివరిగా ఫోటోల బరువు. ఫోన్‌తో తీసిన ఒక్కో ఫోటో మూడు నుంచి ఐదు ఎంబీ ఉంటుంది. అలాగే ఎక్కిస్తే పొలంలో సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్నవాళ్ళకు పేజీ తెరుచుకోదు. స్క్వూష్ అనే ఉచిత సాధనంలో వెడల్పు 1,600 పిక్సెళ్ళకు తగ్గించండి. రెండు మూడు వందల కేబీకి వస్తుంది, కంటికి తేడా తెలియదు.

ప్రశ్న: మా హైస్కూల్ స్వర్ణోత్సవ సంచికను వెబ్‌సైట్‌లో పెడదామనుకున్నాం. డీటీపీ చేసినాయన అను ఫాంట్ల ఫైలు ఇచ్చారు. సైట్‌లో అతికిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తున్నాయి. పీడీఎఫ్ పెట్టేస్తే సరిపోతుందా? - పూర్వ విద్యార్థి, విజయనగరం

జవాబు: పీడీఎఫ్ పెట్టండి, కానీ దానితో ఆపకండి. అను లాంటి పాత ఫాంట్లలో లోపల ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు ముక్కల బొమ్మలు అతికించి ఉంటాయి. ఫాంటు లేని చోట ఆ ముసుగు జారిపోతుంది. ఆ పీడీఎఫ్‌ని గూగుల్ చదవలేదు. మీ మాస్టారి పేరు కొట్టి వెతికితే దొరకదు. చూపు లేనివాళ్ళకు ఫోన్ చదివి వినిపించదు. మీ బ్యాచ్‌లో అలాంటివాళ్ళు ఉండవచ్చు, వాళ్ళను వదిలేసి సంచిక పెట్టడం నాకు మనసొప్పదు.

అను నుంచి యూనికోడ్‌కి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనబడే పద్ధతికి మార్చే సాధనాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చాలా వరకు సరిగ్గానే మారుస్తాయి, ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర, ఇంగ్లీషు పేర్లు కలిసిన చోట తడబడతాయి. అసలు ఫైలు పోయి అచ్చు ప్రతి ఒక్కటే మిగిలితే, పేజీ ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు అక్షరాలను గుర్తుపట్టి టైపు చేసి ఇస్తుంది. ఎలా మార్చినా సరే, పక్కన పుస్తకం పెట్టుకుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు దిద్దాలి. స్వర్ణోత్సవ సంచికలో తప్పు పడేది ఎక్కువగా మనుషుల పేర్లలోనే. వ్యాసాలు పంచుకుని తలా ఒకటి దిద్దితే పని తేలికవుతుంది.

అచ్చు తెరమీద చక్కగా ఉండాలంటే, వ్యాసానికి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వాడండి, శీర్షికలకు రామభద్ర బాగుంటుంది. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి ఇచ్చిన దానికంటే ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. రకరకాల ఫాంట్లు కలపొద్దు. తెలుగు ఫాంటు ఫైళ్ళు బరువైనవి, ప్రతి ఫాంటూ పేజీని ఇంకాస్త ఆలస్యం చేస్తుంది.

ప్రశ్న: మేడమ్, మాది వరంగల్ దగ్గర పల్లె. ఊరి చెరువును కాపాడుకోవాలని యూత్ అంతా కలిసి ఒక గ్రూపు కట్టినం. ఎప్పుడు మత్తడి పోసింది, తూము ఎట్లున్నది, శిఖం భూమి ఎక్కడ కబ్జా అవుతున్నది, ఇవన్నీ అందరికీ కనబడేటట్టు పెట్టాలి. యాప్ చేయిస్తే మంచిదా, వెబ్‌సైట్ మంచిదా? మా దగ్గర డబ్బులు అసలే లేవు. - డిగ్రీ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, యాప్ వద్దు. ప్లే స్టోర్‌లో పెట్టడానికే 25 డాలర్లు కట్టాలి. అది ఒక్కసారే అయినా, ఆండ్రాయిడ్ కొత్త రూపం వచ్చినప్పుడల్లా యాప్‌ని సరిచేస్తూ ఉండాలి. పైగా మీ చెరువు సంగతి చూడాలనుకున్న ఆఫీసర్ గానీ, విలేకరి గానీ దాని కోసం యాప్ దించుకోరు. లింకు పంపిస్తే చూస్తారు.

మీకు కావాల్సినవన్నీ ఉచితంగా ఉన్నాయి. మొదట ఒక గూగుల్ ఫారం తయారు చేసుకోండి. తేదీ, నీటి మట్టం, తూము పరిస్థితి, మత్తడి పోస్తోందా లేదా, ఎవరు చూశారు. ఇంతే, ఎక్కువ అడిగితే ఎవరూ నింపరు. నింపినవన్నీ ఒక షీట్‌లో పడతాయి. ఆ షీట్ నుంచి గీసిన గ్రాఫ్‌ని గూగుల్ సైట్స్ పేజీలో అతికించండి. నీటి మట్టం కొలవడానికి తూము గోడ మీద అడుగుల గీతలు పెయింటుతో గీయండి, అందుకు ముందు పంచాయతీ వాళ్ళని, నీటిపారుదల శాఖ వాళ్ళని అడిగి గీయండి. కట్ట మీద ఒకే చోట నిలబడి, ఒకే వైపు చూస్తూ నెలకో ఫోటో తీయండి. ఏడాది తిరిగేసరికి ఆ ఫోటోల వరస ముందు ఎవరూ నోరెత్తలేరు.

మ్యాపు కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చూడండి. 2004 నుంచి జనమే గీస్తున్న పటం అది. మీ చెరువు అందులో లేకపోతే, ఉన్నా గట్టు సరిగ్గా లేకపోతే, మీరే సరిదిద్దవచ్చు. యూమ్యాప్ అనే సాధనంలో ఆ పటం మీద తూము, మత్తడి, కాలువలు గుర్తులు పెట్టి సైట్‌లో అతికించుకోవచ్చు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులున్న ప్రాంతం మీది. మీ మత్తడి నీళ్ళు కింది ఊరి చెరువులోకి పోతాయి, పై ఊరి నీళ్ళు మీకొస్తాయి. మీ ఒక్క చెరువే గీసి ఊరుకోకుండా ఆ వరస అంతా గీయండి. కాలువ ఎక్కడ పూడిపోయిందో పటంలో కళ్ళకు కడుతుంది. పై ఊరి కుర్రాళ్ళను, కింది ఊరి కుర్రాళ్ళను కూడా పనిలోకి పిలవండి.

పాత రూపం కావాలంటే ఆకాశం నుంచి తీసిన చిత్రాలున్నాయి. హైదరాబాద్‌లోనే ఉన్న ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ 2009లో తెచ్చిన భువన్ అనే పటాల సైట్ ఉంది. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాలు దాదాపు ఐదు రోజులకోసారి మీ ఊరి మీదుగా వెళ్తాయి, 10 మీటర్ల స్పష్టతతో చిత్రాలు వస్తాయి. వాటిని కోపర్నికస్ బ్రౌజర్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. వానాకాలం మబ్బులు అడ్డం వస్తాయి గనుక అక్టోబర్, నవంబర్ నెలల చిత్రాలు ఏటా ఒకటి తీసి పక్కపక్కన పెట్టండి, నీళ్ళు నిండిన మేర ఎంత కుదించుకుపోయిందో కనిపిస్తుంది. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ 1984 నుంచి చూపిస్తుంది, చిన్న చెరువుకి అది కొంచెం మసకగా ఉంటుంది.

కబ్జా విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండు. ఫలానా ఆయన ఆక్రమించాడని సైట్‌లో పేరు రాయొద్దు. అది నిజమే అయినా కాగితం లేకుండా రాస్తే కేసు మీ మీదకే తిరుగుతుంది, గ్రూపు చెదిరిపోతుంది. చెరువు సర్వే నంబరు, ఎఫ్‌టీఎల్ హద్దులు (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే మేర) కావాలని 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలకు మించదు, జవాబుకి గడువు 30 రోజులు. వచ్చిన కాగితం స్కాన్ చేసి యథాతథంగా సైట్‌లో పెట్టండి, అందులో మనుషుల ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు ఉంటే మాత్రం కొట్టెయ్యండి. దాని కింద మీ వ్యాఖ్య ఒక్కటీ వద్దు. ఫోన్ ఫోటోల లోపల తీసిన చోటు వివరాలు దాగి ఉంటాయి. చెరువు ఫోటోలకు అది ఉండటమే మంచిది, సాక్ష్యంగా పనికొస్తుంది. ఇంటి దగ్గర తీసిన వాటికి మాత్రం లొకేషన్ తీసేసి పెట్టండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. మేము చదువుకున్న ఊరి హైస్కూల్‌కి తరగతి గదులు బాగు చేయించడానికి పాత విద్యార్థులం ఒక చిన్న వెబ్‌సైట్ మొదలుపెడుతున్నాం. పేరు పూర్తిగా తెలుగులోనే ఉండాలని నా కోరిక. క్యూఆర్ కోడ్ పెట్టి విరాళాలు తీసుకోవచ్చా? పిల్లల ఫోటోలు పెట్టవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, తెలుగు పేరు దొరుకుతుంది. డాట్ భారత్ అని చివర తెలుగు లిపిలోనే వచ్చే పేర్లు మనకున్నాయి, డాట్ ఇన్ పేర్లు చూసే నిక్సీయే వాటినీ చూస్తుంది. తప్పకుండా తీసుకోండి, నాకూ ఇష్టమైన విషయం. కానీ దాన్ని రెండో పేరుగా పెట్టుకుని డాట్ ఇన్ పేరు వైపు మళ్ళించండి. తెలుగు పేరును కొన్ని యాప్‌లు, ఈమెయిల్ సర్వీసులు ఇప్పటికీ సరిగ్గా తీసుకోవు. ఎక్స్‌ఎన్ అని మొదలయ్యే పొడవాటి గజిబిజిగా చూపిస్తాయి. దాన్ని చూసి మోసపు లింకేమో అని జనం భయపడతారు.

పిల్లల ఫోటోల విషయంలో నేను గట్టిగా చెబుతాను. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం మాట అలా ఉంచినా, 'ఈ పాప తండ్రి కూలి, బూట్లు లేవు' అని ఫోటో కింద రాసి చందా అడగడం ఆ పాపకు పెద్దయ్యాక కూడా వెంటపడుతుంది. బీటలు వారిన గోడ ఫోటో పెట్టండి, కురుస్తున్న కప్పు ఫోటో పెట్టండి. పిల్లలు వెనక నుంచి, గుంపుగా కనబడితే చాలు.

విరాళాలకు క్యూఆర్ కోడ్ పెట్టడం నిమిషం పని, పెట్టే ముందు ఆగి చూసుకోవాల్సినవి ఉన్నాయి. కోడ్ ఎవరి సొంత ఖాతాకీ ఉండకూడదు, ఇక్కడ రిజిస్టర్ అయిన సంఘం ఖాతాకే ఉండాలి. మీలో ఇంకా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇస్తే మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే ఇక్కడి సంఘానికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ప్రేమతో పంపిన డబ్బు వల్ల ఊళ్ళో ఉన్న కార్యదర్శి నోటీసులకు జవాబులు రాసుకునే పరిస్థితి రాకూడదు. కాబట్టి ప్రస్తుతానికి సైట్‌లో కోడ్ పెట్టకండి. 'సాయం చెయ్యాలనుకునేవారు ఈ ఫారం నింపండి' అని ఒక ఫారం పెట్టి, అందులో ఏ దేశ పాస్‌పోర్టు అని అడగండి. భారత పౌరులకు సంఘం ఖాతా వివరాలు పంపండి. మిగతావాళ్ళ సంగతి ఇక్కడి సంఘం వాళ్ళు ఎఫ్‌సీఆర్‌ఏ పనులు చేసే చార్టర్డ్ అకౌంటెంట్‌ని కలిసి తేల్చుకున్నాక చూడవచ్చు. వచ్చిన ప్రతి రూపాయి, పెట్టిన ప్రతి ఖర్చు ఒక షీట్‌లో రాసి, బిల్లుల ఫోటోలతో సహా సైట్‌లో అందరికీ కనబడేలా ఉంచండి. దాతల పేర్లు వాళ్ళు సరేనంటేనే వెయ్యండి, ఫోన్ నంబర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.